ధారణ ఎవరి సొత్తు? జ్ఞాపకశక్తి కథలూ, కులమూ

అవధానం మీద తెలుగులో వచ్చిన వ్యాసాలు, అభినందన సంచికలు, సన్మాన పత్రాలు కొన్నేళ్లుగా మేము పోగుచేసి చదువుతున్నాం. ఏది తిరగేసినా దాదాపు ఒకటే పాట. అవధానం తెలుగువాడి సొంత ఆస్తి, ప్రపంచంలో ఇంకే జాతికీ లేనిది, సరస్వతీ కటాక్షం, పూర్వజన్మ సుకృతం. పద్యం ఎలా కట్టారో చెప్పే పేజీలు కొన్నయినా ఉంటాయి గాని, ఆ పద్యాన్ని బుర్రలో ఎలా నిలుపుకున్నారు అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయి చేతులు జోడించుకుంటాయి. దండం పెట్టాల్సిన చోట ప్రశ్న వెయ్యకూడదు కదా. మేము ఇక్కడ వేస్తున్నది ఆ ప్రశ్నే. అవధానుల మీద మాకు ద్వేషం లేదు. వాళ్ల పని కష్టమైన పనేనని ఒప్పుకుంటూనే అడుగుతున్నాం: అసాధారణ జ్ఞాపకశక్తి అనేది ఏమిటి? అది ఎక్కడ కనబడితే ప్రతిభ అన్నారు, ఎక్కడ కనబడినా చూడనట్టు పోయారు, ఎక్కడ కనబడితే నేరమన్నారు?

నేరం అనే మాట కోపంతో వాడలేదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి లాంటి అంశాలు ఇస్తారు. అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పుకుంటూ పోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డం తగులుతుంటాడు, గంటలు మోగుతుంటాయి. చివర్న పూరించిన పద్యాలన్నీ వరసబెట్టి అప్పజెప్పాలి. దాని పేరు ధారణ. సభ లేచి చప్పట్లు కొట్టేది అక్కడే. సరిగ్గా ఈ మాటే గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయంలో ఉంది. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కాగిన లోహం పొయ్యాలి, పలికితే నాలుక కొయ్యాలి అన్న రెండు శిక్షలూ మనవాళ్లందరికీ తెలుసు, వేదికల మీద చెప్పుకుంటూనే ఉన్నాం. మూడో శిక్ష గురించి అంతగా మాట్లాడుకోం. విన్నదాన్ని మనసులో నిలుపుకుంటే, అంటే ధారణ చేస్తే, ఒళ్లు నరకాలి. శంకరాచార్యుడు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని ప్రమాణంగా తీసుకున్నాడు. అంబేద్కర్ 1946లో శూద్రుల పుట్టుక గురించి రాసిన పుస్తకంలో దీన్ని ఎత్తి చూపించాడు.

ఈ మూడు శిక్షల వరస చూడండి. వినడానికి చెవి, పలకడానికి నాలుక, గుర్తుపెట్టుకోడానికి మొత్తం శరీరం. పెద్ద శిక్ష జ్ఞాపకానికే. శాస్త్రం రాసినవాడికి ఒక సంగతి బాగా తెలుసన్నమాట: విన్నది మర్చిపోతే ప్రమాదం లేదు, పలికినా గాలిలో కలిసిపోతుంది, బుర్రలో నిలిస్తేనే ముప్పు. ఇంకో సంగతి కూడా తెలుసు. శూద్రుడి బుర్రలో అది నిలుస్తుందని తెలుసు. నిలవదనుకుంటే శిక్ష ఎందుకు రాస్తాడు? మా బుర్రలు మట్టిబుర్రలని తర్వాత తర్వాత పుట్టించిన కథను ఆ సూత్రమే కొట్టేస్తోంది.

ఏకసంథాగ్రాహి కథ కూడా ఈ దృష్టితోనే చదవాలి. భోజరాజు ఆస్థానంలో ఒక్కసారి వింటే అప్పజెప్పేవాడొకడు, రెండుసార్లు వింటే అప్పజెప్పేవాడొకడు, మూడుసార్లు వింటే అప్పజెప్పేవాడొకడు ఉండేవారట. ఊరుగాని ఊరి కవి వచ్చి కొత్త శ్లోకం చదివితే, మొదటివాడు ఇది పాతదే నాకొచ్చు అని అప్పజెప్పేవాడు. అప్పటికి రెండుసార్లు విన్న రెండోవాడు తనకీ వచ్చనేవాడు. తర్వాత మూడోవాడు. కవికి బహుమానం ఎగిరిపోయేది. చివరికి, మీ నాయన మా నాయనకు ఇన్ని కోట్లు బాకీ అని శ్లోకం కట్టి తెచ్చినవాడి చేతిలో వాళ్లు చిక్కారు. తెలుసంటే బాకీ కట్టాలి, తెలియదంటే కొత్త శ్లోకానికి బహుమానం ఇవ్వాలి. పాఠాంతరాలు చాలా ఉన్నాయి, చిన్నప్పుడు తెలుగు మాస్టార్లు నవ్వుతూ చెప్పే కథ ఇది. మాకు మాత్రం దాంట్లో నవ్వు కంటే లెక్క ఎక్కువ కనబడుతుంది. ఆస్థానం లోపలివాడి జ్ఞాపకం బయటివాడి కూలి ఎగ్గొట్టడానికి పనికొచ్చింది. ఆసామి పుస్తకంలో నాగు లెక్క రాసుకుని, పాలేరు నోటి లెక్కను చెల్లదనడానికీ దీనికీ ఎంత దూరం?

ఇక సైన్సు ఏమంటోందో చూద్దాం. ఈ విషయంలో మన పండితులకంటే అమెరికాలో ఒక మామూలు డిగ్రీ కుర్రాడు మనకు ఎక్కువ నేర్పాడు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఎరిక్సన్, చేజ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఆ కుర్రాడికి సెకనుకొక అంకె చొప్పున చదివి వినిపించి తిరిగి చెప్పమన్నారు. మొదట్లో అందరిలాగే ఏడు అంకెల దగ్గర ఆగిపోయాడు. దాదాపు 230 గంటల సాధన తర్వాత 80 అంకెల దాకా చెప్పగలిగాడు. ఈ ఫలితం 1980లో అచ్చయింది. రహస్యం ఏమిటంటే అతను పరుగు పందేల మనిషి. మూడు, నాలుగు, తొమ్మిది, రెండు అని వినగానే మైలు పరుగులో 3 నిమిషాల 49.2 సెకండ్ల టైముగా మార్చుకునేవాడు. అంకెల్ని గుంపులు కట్టి, ఆ గుంపుల్ని మళ్లీ పెద్ద గుంపులుగా కట్టి, ఏ గుంపు ఎక్కడుందో ఒక చట్రంలో పెట్టుకున్నాడు. అసలు పాఠం దాని తర్వాత ఉంది. అంకెలు మానేసి అక్షరాలు చదివితే మళ్లీ ఆరు దగ్గరికి పడిపోయాడు. పెరిగింది జ్ఞాపకశక్తి అనే ఒక దివ్యశక్తి కాదన్నమాట. ఒక పనిలో ఒక నైపుణ్యం పెరిగింది, అంతే. చెప్పులు కుట్టేవాడి చెయ్యి చెప్పుల దగ్గరే తిరుగుతుంది.

2003లో ఎలినార్ మగ్వైర్ బృందం ప్రపంచ జ్ఞాపక పోటీల్లో నెగ్గేవాళ్లను మామూలు మనుషులతో పోల్చింది. తెలివితేటల పరీక్షల్లో గాని మెదడు నిర్మాణంలో గాని చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. వాళ్లలో దాదాపు అందరూ గ్రీకుల కాలం నుంచీ ఉన్న ఒక ఉపాయం వాడుతున్నారు. తెలిసిన దారిని మనసులో పరుచుకుని, ఆ దారిలో ఒక్కోచోట ఒక్కో వస్తువును పెట్టుకుంటూ పోవడం, తిరిగి నడుస్తూ ఏరుకోవడం. 2017లో డ్రెస్లర్ బృందం ఈ ఉపాయాన్ని కొత్తవాళ్లకు రోజుకు అరగంట చొప్పున 40 రోజులు నేర్పింది. 72 మాటల జాబితాలో అంతకుముందు 30 లోపు గుర్తుంచుకున్నవాళ్లు సగటున మరో 35 దాకా కలిపి చెప్పగలిగారు. పూర్వజన్మ సుకృతాన్ని నలభై అరగంటల్లో సంపాదించుకున్నట్టే గదా!

అవధాని చేసేదీ ఈ జాతి పనే, కాకపోతే అతనికి ఛందస్సు అనే ఇంకో చట్రం ఉంది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. మొదటి పాదంలో రెండో అక్షరం తెలిస్తే మిగతా మూడు పాదాల్లో రెండో అక్షరం తెలిసినట్టే, ప్రాస కాబట్టి. అంటే మర్చిపోయే సందు చాలా తక్కువ. ఒక అక్షరం జారితే గణం చెడుతుంది, చెడగానే చెవికి తెలిసిపోతుంది. పైగా ఆ పద్యం ఎవరో ఇచ్చిన అంకెల మూట కాదు, తాను కట్టుకున్నదే. వేదపాఠంలో పద, క్రమ, జట, ఘన అంటూ మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి అల్లడం కూడా తప్పు దొర్లకుండా కట్టిన కంచెలే. గొప్ప ఉపాయాలు, కాదనం. నేర్పితే ఎవరికైనా వచ్చే ఉపాయాలు. బ్రాహ్మణేతరుల్లో కూడా అవధానులు వచ్చారు, వస్తున్నారు. నేర్పే గడప ఎవరికి తెరిచి ఉంది, ఎవరికి లేదు అన్నదే ప్రశ్న. గుర్రం జాషువా వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులపువాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. ఛందస్సు ఆయన నాలుక మీద ఆడుతున్నా ఆయన కాళ్లు సభలో ఉండటం వాళ్లకు ఇబ్బందైంది.

ఇప్పుడు మా అసలు తగాదా దగ్గరికొద్దాం. 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడూ, అతని సహచరులూ శుక్ల యజుర్వేదం అప్పజెప్పే 21 మంది పండితుల మెదళ్లను స్కాన్ చేసి, మరో 21 మంది మామూలు మనుషుల మెదళ్లతో పోల్చి వ్యాసం అచ్చువేశారు. పండితుల మెదడులో చాలా చోట్ల, ముఖ్యంగా జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్‌లో కుడివైపు, బూడిదరంగు పదార్థం ఎక్కువుందని తేల్చారు. వ్యాసం వరకు అది పద్ధతిగా చేసిన పనే. 2018లో అదే హార్ట్‌జెల్ ఒక అమెరికన్ సైన్సు పత్రికకు దీని గురించి రాస్తూ దీనికి సంస్కృత ప్రభావం అని పేరు పెట్టాడు. ఇక చూసుకోండి. మన దేశంలో పత్రికలకూ, ఉపన్యాసకులకూ పండగొచ్చింది. సంస్కృతం చదివితే మెదడు పెరుగుతుందని అమెరికావాడే ఒప్పుకున్నాడన్నారు.

ఒప్పుకున్నదేమిటో నిదానంగా చూద్దాం. పోల్చింది ఎవరితో? ఏళ్ల తరబడి దేన్నీ కంఠతా పట్టని మనుషులతో. చిన్నతనం నుంచి రోజుకు గంటల కొద్దీ, ఏళ్ల కొద్దీ వల్లెవేసినవాడికీ వెయ్యనివాడికీ తేడా కనబడితే, ఆ తేడా వల్లెవేతదా సంస్కృతానిదా అని ఎలా తెలుస్తుంది? తెలియాలంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్‌లను పక్కన పెట్టాలి. రాత్రి తెల్లవార్లూ భాగోతం ఆడే చిందు కళాకారుణ్ణి పక్కన పెట్టాలి. వాళ్లెవరూ ఆ పోలికలో లేరు. ఇంకొకటి, స్కాన్ తీసింది ఒకేసారి. మెదడు అలా ఉన్నవాళ్లే చదువులో మిగిలారా, చదువు వల్ల మెదడు అలా అయిందా అన్నది ఒక్క ఫోటోతో తేలదు. పోనీ మెదడు పెరగడం అనేదైనా వేదానికే దక్కిన వరమా? అదీ కాదు. హిప్పోక్యాంపస్ గురించి అంతకు పదహారేళ్ల ముందే, 2000లో, మగ్వైర్ బృందం లండన్ టాక్సీ డ్రైవర్ల మీద తేల్చింది. చేరింగ్ క్రాస్ నుంచి ఆరు మైళ్ల చుట్టుపక్కల దాదాపు 25,000 వీధులు నోటికి వస్తేనే అక్కడ నల్ల టాక్సీ లైసెన్సు ఇస్తారు. మూడు నాలుగేళ్లు మోపెడ్ల మీద తిరిగి నేర్చుకుంటారు. వాళ్ల హిప్పోక్యాంపస్ వెనక భాగం పెద్దదై ఉంది. 2011లో ఇంకో మెట్టు ఎక్కారు. శిక్షణకు ముందూ తర్వాతా స్కాన్ చేస్తే, పరీక్ష పాసైనవాళ్లలోనే ఆ పెరుగుదల కనబడింది, తప్పినవాళ్లలో కనబడలేదు. చదువు వల్ల మెదడు మారిందని చెప్పడానికి వేదపండితుల అధ్యయనంలో లేని సాక్ష్యం డ్రైవర్ల అధ్యయనంలో ఉందన్నమాట. దీన్ని టాక్సీ ప్రభావం అని ఎవరూ ఎందుకు అనలేదు? డ్రైవరు కూలి మనిషి కాబట్టి. అతని బుర్ర పెరిగితే అది పని ఫలితం, పండితుడి బుర్ర పెరిగితే అది భాష మహిమ. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ డ్రైవర్లు కొన్ని రకాల కొత్త బొమ్మల్ని గుర్తుపెట్టుకునే పరీక్షల్లో మిగతావాళ్లకంటే వెనకబడ్డారు. మెదడు ఒకచోట ఇచ్చింది ఇంకోచోట పట్టుకుంటుంది. ఈ సంగతి కూడా మహిమల కథల్లో ఉండదు.

మన దగ్గర ఇలాంటి పని మనుషులు లేరా? పల్నాటి వీరుల కథను తరతరాలుగా పాడుతున్నది మాలలు. కారంపూడి వీరుల తిరునాళ్లతో ముడిపడ్డ ఈ గాయకుల పేరు వీరవిద్యావంతులు. ఈ పేరు దగ్గర మేము ఎప్పుడూ ఆగుతాం. అక్షరం ముట్టనివ్వని కులానికి విద్యావంతులు అనే బిరుదు! ఎవరిచ్చారో గాని అబద్ధం ఇవ్వలేదు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం శ్రీనాథుడి పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చువేశాక సాహిత్య చరిత్రలన్నీ ఆ ద్విపద చుట్టూ తిరిగాయి. కర్త ఎవరు, కాలం ఏది, పాఠభేదాలేవి అని పేజీలకు పేజీలు రాశారు. ఆ కథను గొంతులో మోస్తున్న మాలలు ఆ చర్చలో జానపదులు అనే ఒక్క మాట కింద సర్దుకోవాల్సి వచ్చింది. 1970లలో జీన్ రోఘేర్ అనే అమెరికన్ వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే మాల విద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకం వేశాడు. ఆ గాయకుడికి పేరుతో సహా స్థానం దొరకడానికి అంత దూరం నుంచి మనిషి రావాల్సొచ్చింది.

ఇక్కడ పండితులు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. వేదంలో అక్షరం మారదు, మీవాళ్ల కథ ప్రతి రాత్రీ మారుతుంది, ఇదేం జ్ఞాపకం? 1930లలో మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ యుగోస్లావియాలో గుస్లే వాయించే కథకుల్ని రికార్డు చేస్తూ ఈ ప్రశ్నకే జవాబు వెతికారు. అవ్డో మెజెడోవిచ్ అనే గాయకుడు 1935లో ఒక్క కథనే 12,311 పాదాల్లో చెప్పాడు. అతనికి చదవడం రాయడం రాదు. గాయకులు మేము మాటకు మాట అదే పాడతాం అనేవాళ్లు, రికార్డులు పక్కపక్కన పెడితే మాటలు మారేవి. అబద్ధమాడారా? లేదు. వాళ్ల దృష్టిలో మాట అంటే అచ్చుపుస్తకంలో మాట కాదు. ఘట్టాల వరస, పాత్రల మాటతీరు, నడక, స్థిరపడ్డ పదబంధాలు, వీటితో అప్పటికప్పుడు కథ కట్టడమే వాళ్లకు గుర్తుండటం. జనం నిద్రపోతుంటే ఒక ఘట్టం కుదించడం, జనం ఊగిపోతుంటే పెంచడం. పోలిక సరిగ్గా పెడితే అవధానికి దగ్గరగా ఉన్నది వేదపండితుడు కాదు, ఈ గాయకుడే. ఇద్దరూ చట్రంలో అప్పటికప్పుడు కడతారు. ఒకరికి గండపెండేరం, ఇంకొకరికి గంపలో గింజలు.

డక్కలోళ్ల సంగతి ఇంకా పదునైంది. వాళ్లు మాదిగలకు పటం చూపిస్తూ జాంబపురాణం చెబుతారు, మాదిగల వంశాలు, గోత్రాలు అప్పజెబుతారు. ఒక కులం పుట్టుపూర్వోత్తరాలు మొత్తం ఇంకో కులం బుర్రలో దాచి ఉంచిందన్నమాట. కరణం లెక్కల్లో మన పేరు వెట్టి కింద తప్ప ఎక్కదు కాబట్టి మన దఫ్తరు మనమే పెట్టుకున్నాం, మనుషుల్లో పెట్టుకున్నాం. అయితే ఆ దఫ్తరు మోసినవాణ్ణి మనం ఎక్కడ కూర్చోబెట్టాం? ఇంటి గడప బయట. మాదిగ ఇంట్లోకి డక్కలోడు రాకూడదు. అగ్రకులం మాకు చేసినదాన్నే మనం మన జ్ఞాపకాన్ని మోసినవాళ్లకు చేశాం. ఈ మాట ఈ పత్రికలో రాయకపోతే ఎక్కడ రాస్తాం? దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ లాంటివి పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో ఆయన కట్టుబడి పనికి కూలీగా పోతున్నాడని పత్రికల్లో వచ్చింది. అదే 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారక్కల కథతో సహా కోయల చరిత్రను గొంతులో పెట్టుకున్నవాడు, 2024లో పోయాడు. అవధానాల పద్యాలు ఎప్పటికప్పుడు పుస్తకాలై బయటికొస్తున్నాయి. ఇలాంటి గొంతుల్లో ఉన్నది ఎంత రికార్డయింది? మన యూనివర్సిటీల జానపద శాఖలు జవాబు చెప్పాలి.

బడి సంగతి కొంచెమే చెబుతాం, అందరికీ తెలిసిందే కాబట్టి. ఎక్కం రాకపోతే రెడ్డిగారబ్బాయి సోమరి అనిపించుకుంటాడు, మాలపిల్లోడు మొద్దు అనిపించుకుంటాడు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనేవాళ్లు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల పజిల్స్ ఇచ్చి చూశారు. వాళ్ల ఫలితాలు 2004, 2006లలో వచ్చాయి. కులం ఎవరికీ తెలియనప్పుడు దళిత పిల్లలు పైకులాల పిల్లలతో సమానంగానే చేశారు. పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివాక అదే దళిత పిల్లల లెక్క గణనీయంగా పడిపోయింది. ఇది చిక్కుదారుల పరీక్ష, జ్ఞాపకం పరీక్ష కాదు, ఎక్కువ లాగకూడదు. కాని పిల్లాణ్ణి లేపి నిలబెట్టి పద్యం అప్పజెప్పమన్నప్పుడు ఆ తరగతి గదిలో ఏం జరుగుతుందో ఊహించుకోడానికి మాకు ఇది చాలు.

జ్ఞాపకం మన ప్రాణానికి వచ్చే చోటు ఇంకొకటుంది. కోర్టు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవమూ, 35 మందికి ఏడాది జైలూ వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చావుల సమయం, స్థలం, ఎవరు ఎవర్ని కొట్టారన్నది ఖచ్చితంగా రుజువు కాలేదంది. సాక్షుల వాంగ్మూలాల్లో తేడాలు ఎత్తి చూపింది. ఆ తీర్పు మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

తరుముతుంటే పొలాలకు అడ్డం పడి పరుగెత్తినవాణ్ణి, పక్కనోడు పడిపోతుంటే చూసినవాణ్ణి, టైమెంత అని అడిగితే ఏం చెబుతాడు? మా పల్లెల్లో మా అమ్మల తరం వేలిముద్ర తరం. వాళ్లకు వయసు ఎంతంటే 1977 ఉప్పెనకు నా పెద్దోడు చంకలో ఉన్నాడని లెక్క చెబుతారు. ఏ ఏడు ఏ చేను ఎవరు కోశారో, ఎవరింట్లో ఎన్ని కుంచాలు బాకీ రావాలో తప్పు లేకుండా చెబుతారు. పొద్దు ఎక్కడుంది, గొడ్లు ఇంటికొచ్చాయా, రైలు పోయిందా అన్నవి వాళ్ల గడియారాలు. ఆ జ్ఞాపకం కోర్టుకు అర్థమయ్యే అంకెలోకి మారేలోపల డిఫెన్సు లాయరు దాన్ని చీల్చి ఆరేస్తాడు. జ్ఞాపకం మీద జరిగిన పరిశోధనలు చెప్పేదేమిటంటే, భయంలో మనిషి చూపు ముఖ్యమైన దానిమీద బిగుసుకుంటుంది. గొడ్డలి గుర్తుంటుంది, ఎత్తినవాడు గుర్తుంటాడు, పక్కన ఎంతమంది ఉన్నారో, ఎన్ని నిమిషాలు పట్టిందో చెదిరిపోతుంది. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ, పదిమందికి పదిసార్లు చెప్పేకొద్దీ అంచులు మారతాయి. నిజం చెప్పేవాళ్ల మాటల్లో తేడాలుండటం మామూలు. పదిమంది సాక్షులూ అచ్చుగుద్దినట్టు చెబితేనే అనుమానించాలి.

ఇది మేము కనిపెట్టిన వాదన కాదు. సుప్రీంకోర్టే 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ హిర్జీభాయ్ కేసులో ఈ సంగతి చెప్పింది. సాక్షికి ఫోటో తీసినట్టు గుర్తుండాలని ఆశించకూడదనీ, జరిగింది మనసులో వీడియో టేపులాగా మళ్లీ ఆడదనీ, చిన్నచిన్న తేడాలకు అతి ప్రాధాన్యం ఇవ్వకూడదనీ వివరంగా రాసింది. అంటే న్యాయశాస్త్రానికి తెలియక కాదు. మన సాక్షి బోనెక్కినప్పుడు మాత్రం ఆ తెలివిడి ఎటో పోతుంది, శతావధానిని పరీక్షించినట్టు అక్షరం అక్షరం పరీక్షిస్తారు. ధారణ చేస్తే ఒళ్లు నరకమన్న చోటే, ధారణ తప్పావని కేసు కొట్టేస్తున్నారు.

ఈ వాదనను మేము ఒకవైపే వాడబోం. ఎలిజబెత్ లాఫ్టస్ 1970ల నుంచి చేసిన ప్రయోగాల్లో తేలింది ఇంకోవైపు కూడా కోస్తుంది. ప్రశ్న అడిగే తీరుతోనే సాక్షి జ్ఞాపకాన్ని మార్చొచ్చు, చూడనిదాన్ని చూసినట్టు నమ్మించొచ్చు. ఏ రోజు ఏం జరిగిందో పదేళ్ల వెనకది కూడా చెప్పగల అరుదైన మనుషులున్నారు. వాళ్లను 2013లో పరీక్షిస్తే వాళ్లూ ఇలాంటి తప్పుడు జ్ఞాపకాలకు లొంగారు. దొంగతనం కేసుల్లో గుర్తింపు పరేడ్ పెట్టి, గ్రామపెద్ద చూపించిన మనవాడినే దోషిగా గుర్తుపట్టించే పోలీసు పద్ధతిని ఎదిరించడానికి మనకు లాఫ్టస్ కావాలి. సాక్షి మాట నమ్మమని ఒకచోట, నమ్మొద్దని ఇంకోచోట అంటున్నారేమని ఎవరైనా అడిగితే, తేడా ఎక్కడుందో చెప్పగలగాలి. పేరూ ఇల్లూ పొలమూ తెలిసిన ఊరివాణ్ణి, తాను పాలేరుగా చేసిన ఆసామిని పగటిపూట గుర్తుపట్టడం వేరు. ఎన్నడూ చూడని మొహాన్ని చీకట్లో ఒక్క క్షణం చూసి గుర్తుపట్టడం వేరు. పొరపాట్లు ఎక్కువ జరిగేది రెండో దాంట్లో. దాడుల కేసుల్లో మన సాక్షులు చెప్పేది చాలావరకు మొదటి రకం.

అందుకని ఊళ్లల్లో పనిచేసే మిత్రులు దాడి జరిగిన మొదటి రోజుల్లోనే, ఒకరి మాట ఇంకొకరు వినకముందే, ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చుని, వాళ్ల మాటల్లోనే, వాళ్ల గడియారాల లెక్కలోనే చెప్పించి తేదీ వేసి రాసుకోవాలి. అయ్యా ఇలా జరిగిందా అని నోట్లో మాట పెట్టకూడదు, తర్వాత ఏమైంది అని మాత్రం అడగాలి. పోలీసులు వాంగ్మూలం ఎప్పుడు తీసుకున్నారో, ఎన్నాళ్లు ఆలస్యం చేశారో పక్కన రాసిపెట్టాలి. ఆ ఆలస్యాన్నే రేపు సాక్షి మీదికి తిప్పుతారు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ తెచ్చిన 15ఎ సెక్షన్ కింద ఈ కేసుల విచారణ ప్రక్రియలన్నీ వీడియో తియ్యాలి. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. ఎన్ని కోర్టుల్లో తీస్తున్నారో జిల్లా జిల్లాకు అడగాల్సిన లాయర్లు మనలోనే ఉన్నారు.